పిల్లల లోషన్‌లో వాసన: సీసా వెనక వైపు ఎలా చదవాలి, ఏది ముందు మానేయాలి

మీ పిల్లలకి రోజూ రాసే లోషన్ పక్కనే ఉంటే ఒకసారి చేతిలోకి తీసుకుని సీసా వెనక్కి తిప్పండి. ముందు వైపు ఉన్నది అమ్మేవాళ్లు చెప్పాలనుకున్న మాట, వెనక వైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్నది చట్టానికి భయపడి చెప్పక తప్పని మాట. మనకి కావాల్సింది ఆ రెండోదే. ఆ జాబితాలో కింద ఎక్కడో 'ఫ్రాగ్రెన్స్' అనో 'పర్ఫ్యూమ్' అనో ఒక ముక్క ఉంటుంది, దాన్ని ఒక పదార్థం అనుకోకండి, అదొక మూట. ఆ మూటలో పదిహేను రసాయనాలు ఉండొచ్చు, వంద ఉండొచ్చు. సువాసన ఫార్ములాని వ్యాపార రహస్యంగా చూడటం చాలా దేశాల్లో ఉన్న పద్ధతే, అందుకే మూట విప్పి చూపించమంటే కంపెనీ చూపించదు.

ఇంత పట్టించుకోవాలా అని నేనూ అనుకునేదాన్ని. మా పాపకి ఏడో నెలలో ఒక బుగ్గ మీద మాత్రమే ఎర్రగా, గరుకుగా ఒక మచ్చ వచ్చింది, రెండో బుగ్గ మాత్రం అద్దంలా ఉంది. లోషన్ మార్చాను, సబ్బు మార్చాను, దుప్పట్లు మార్చాను, మూడు వారాలు ఇదే టెన్షన్. చివరికి స్కిన్ డాక్టర్ పాపని చూసి, ఆ తర్వాత నా వైపు తిరిగి, మెడకి ఏం రాసుకుంటారమ్మా అని అడిగారు. సెంటు! పాప ఎప్పుడూ నా ఒకే భుజం మీద, అదే బుగ్గ ఆనించి నిద్రపోతుంది. సెంటు మానేసిన పది రోజులకి మచ్చ పోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం అంటారే, నా విషయంలో అది అక్షరాలా నిజమైంది.

భయం దేనికి, ఎంత

వాసన ఉన్న లోషన్ ఒకసారి రాస్తే పిల్లలకి ఏదో అయిపోతుందని నేను చెప్పను. మనలో చాలామంది వాసన సబ్బులతోనే పెరిగాం. ఇబ్బంది వస్తే రెండు రకాలుగా వస్తుంది. ఒకటి చర్మాన్ని రేపడం, అంటే రాసిన కాసేపటికో కొన్ని గంటలకో ఎర్రబడి చురచురలాడటం, మానేస్తే తగ్గిపోవడం. రెండోది ఎలర్జీ, అసలు తలనొప్పి దీనితోనే. మొదటిసారి రాసినప్పుడు ఏమీ కాదు, పదోసారి కూడా ఏమీ కాకపోవచ్చు. కానీ లోపల రోగనిరోధక కణాలు ఎప్పుడో ఒకప్పుడు ఆ రసాయనాన్ని శత్రువుగా గుర్తు పెట్టుకున్నాయంటే (దానికి రెండు వారాలే పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు) ఆ తర్వాత అది తగిలిన ప్రతిసారీ దద్దు లేస్తుంది. అదీ వెంటనే రాదు, ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటుంది. సోమవారం రాసినదానికి బుధవారం దురద. మనమేమో మంగళవారం పెట్టిన కొత్త తిండిని అనుమానిస్తూ కూర్చుంటాం. పైగా ఇలా పడిన గుర్తు మామూలుగా జీవితాంతం ఉండిపోతుంది, పెద్దయ్యాక షాంపూ కొన్నా, క్రీమ్ కొన్నా, బట్టల సబ్బు కొన్నా ఆ పేరు వెతుక్కోవాల్సిందే. ఇంత చిన్న వయసులో ఆ అవకాశం తగ్గించడానికి మనకయ్యే నష్టం ఒక వాసన మాత్రమే కాబట్టి, తగ్గించేయడమే మంచిదని నా లెక్క.

పెద్దవాళ్ల చర్మానికీ పసివాళ్ల చర్మానికీ తేడా ఉంది. పై పొర పలచన. బరువుతో పోలిస్తే చర్మం విస్తీర్ణం ఎక్కువ, అందుకే ఒళ్లంతా రాసిన లోషన్ వాళ్ల లెక్కలో మనకంటే చాలా ఎక్కువ మోతాదు. డైపర్ లోపల తడి, వేడి, ఒరిపిడి మూడూ కలిసి ఉంటాయి, పైన మూత పెట్టినట్టు ఉంటుంది కాబట్టి అక్కడ రాసింది లోపలికి బాగా దిగుతుంది. చేతులకి రాసింది పది నిమిషాల్లో నోట్లోకి పోతుంది. ఇక ఎగ్జిమా (చర్మం పొడిబారి, ఎర్రబడి దురద పెట్టే జబ్బు) ఉన్న పిల్లలైతే చర్మం గోడకే బీటలు ఉన్నట్టు లెక్క, వాళ్ల విషయంలో మాత్రం వాసన లేనిదే వాడాలని కచ్చితంగా చెబుతాను, ఇందులో బేరం లేదు.

ఏది ముందు మార్చాలి

అన్నీ ఒకేసారి పారేయక్కర్లేదు. ఒంటి మీద ఎంతసేపు ఉంటుంది, ఎక్కడ ఉంటుంది అన్న రెండు ప్రశ్నలు వేసుకోండి చాలు, వరస దానంతట అదే వస్తుంది. డైపర్ క్రీమ్ మొదటిది. తర్వాత ఒళ్లంతా రాసే లోషన్, నూనె. తర్వాత వైప్స్, ఎందుకంటే వాటిని తుడిచి కడగం, తుడిచి వదిలేస్తాం, అదీ రోజుకి ఎన్నిసార్లో. నీళ్లతో కడిగేసే సబ్బు, షాంపూ చివర. యూరప్ నిబంధనల్లో కూడా ఈ తేడా కనబడుతుంది: ఎలర్జీ తెచ్చే సువాసన పదార్థం ఒంటి మీద ఉండిపోయే వాటిలో 0.001 శాతం దాటితే పేరు రాయాలి, కడిగేసే వాటిలో 0.01 శాతం దాటితే రాయాలి. అంటే ఉండిపోయే వాటి విషయంలో పది రెట్లు కఠినం. పౌడర్ మాటకొస్తే వాసన ఉన్నా లేకపోయినా పసిపిల్లలకి వద్దు, ఆ సన్నటి దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

వెనక వైపు చదివే పద్ధతి

జాబితాలో ఒక శాతం కంటే ఎక్కువ ఉన్నవన్నీ ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాస్తారు. ఒక శాతం లోపు ఉన్నవాటిని ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. సువాసన సాధారణంగా ఆ లోపే ఉంటుంది, కాబట్టి 'చివర్లో ఉందిలే, కొంచెమే' అని తేలిగ్గా తీసుకోకండి, ఆ చోటుని బట్టి మోతాదు తెలియదు.

'ఫ్రాగ్రెన్స్' అన్న ముక్క తర్వాత కొన్ని సీసాల మీద ఇంకొన్ని పేర్లు ఉంటాయి: లిమోనీన్, లినలూల్, జెరానియోల్, సిట్రోనెల్లోల్, సిట్రాల్, యూజినాల్, ఐసోయూజినాల్, సిన్నమాల్, హైడ్రాక్సీసిట్రోనెల్లాల్, కౌమరిన్, ఫార్నెసోల్. ఇవి ఎలర్జీ తెస్తాయని తెలిసిన సువాసన పదార్థాలు. యూరప్‌లో మొదట ఇలాంటివి 26 విడిగా రాయాలన్నారు, 2023లో వచ్చిన కొత్త నిబంధనతో ఆ జాబితా 80 దాటింది. కొత్తగా మార్కెట్లోకి వచ్చే వస్తువులకి 2026 జూలై 31 నుంచి, అప్పటికే అమ్ముతున్నవాటికి 2028 జూలై 31 నుంచి అది వర్తిస్తుంది. అమెరికాలో కూడా ఎలర్జీ తెచ్చే సువాసనల పేర్లు లేబుల్ మీదకి తెచ్చే నిబంధన చేయమని 2022 చివర్లో వచ్చిన చట్టం అక్కడి ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏకి చెప్పింది. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. పేర్లన్నీ రాసిన సీసా చూస్తే భయమేస్తుంది, 'ఫ్రాగ్రెన్స్' అని ఒక్క ముక్క రాసి ఊరుకున్న సీసా చూస్తే హాయిగా ఉంటుంది. నిజానికి రెండో సీసాలో కూడా అవే ఉండొచ్చు, మనకి చెప్పలేదంతే.

లిమోనీన్, లినలూల్ గురించి ఇంకాస్త చెప్పాలి, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువగా కనబడేవి అవే. తాజాగా ఉన్నప్పుడు ఇవి పెద్ద దుర్మార్గులేం కావు. గాలి తగిలేకొద్దీ ఆక్సిజన్‌తో కలిసి హైడ్రోపెరాక్సైడ్లు అనేవి తయారవుతాయి, ఎలర్జీ తెచ్చేది ముఖ్యంగా అవి. అంటే మూత సరిగ్గా పెట్టకుండా కిటికీ పక్కన ఏడాదిన్నర ఉన్న సీసా, కొత్త సీసా ఒకటి కావు. సీసా మీద మూత తెరిచిన డబ్బా బొమ్మ, లోపల 6 అనో 12 అనో అంకె ఉంటుంది చూడండి, అది తెరిచాక ఎన్ని నెలల్లో వాడేయాలో చెప్పేది. తెరిచిన రోజే తేదీని పెన్నుతో సీసా మీద రాసేయండి. పెద్ద సీసా చవకని తీసుకుని రెండేళ్లు వాడటం పిల్లల విషయంలో మానుకోండి.

ఇంకో పేరు బెంజైల్ ఆల్కహాల్. ఇది చెడిపోకుండా ఉండటానికీ వాడతారు, వాసనకీ వాడతారు. అందుకే 'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ' అన్న సీసాలో ఇది కనబడితే మోసం జరిగిందని అనుకోకండి, కానీ పిల్లకి సువాసన ఎలర్జీ ఉందని తేలితే మాత్రం డాక్టర్‌ని దీని గురించి కూడా అడగండి.

పాత స్టాకు ఉంటే రెండు పేర్లు వెతకండి. బ్యూటైల్‌ఫినైల్ మిథైల్‌ప్రొపియోనల్, వాడుకలో లిలియల్ అంటారు, సంతానోత్పత్తికి హాని చేసే పదార్థాల వర్గంలో పెట్టడంతో 2022 మార్చి 1 నుంచి యూరప్‌లో సౌందర్య సాధనాల్లో నిషేధించారు. లైరల్ అనే ఇంకోదాన్ని చాలామందికి ఎలర్జీ తెస్తోందని 2021 ఆగస్టు 23 తర్వాత అక్కడ అసలు అమ్మకూడదన్నారు. ఇవి నిషేధం లేని చోట్ల తయారైనవాటిలో, అటక మీద దొరికిన పాత బహుమతి పెట్టెల్లో ఇంకా ఉండొచ్చు. అలాంటివి పిల్లలకి వాడకండి.

ముందు వైపు మాటలు

'ఫ్రాగ్రెన్స్ ఫ్రీ', 'అన్‌సెంటెడ్' రెండూ ఒకటే అనుకుని నేను చాలాకాలం మోసపోయాను. మొదటిదానికి అర్థం సువాసన కోసం ఏదీ కలపలేదని. రెండోదానికి అర్థం మన ముక్కుకి వాసన తెలియదని మాత్రమే, లోపలి పదార్థాల అసలు వాసనని కప్పేయడానికి ఇంకో సువాసన కలిపి ఉండొచ్చు. కొనాల్సింది మొదటిది, అదీ వెనక జాబితా చూశాకే.

'హైపోఎలర్జెనిక్' అయితే పైన పటారం లోన లొటారం. అమెరికాలో 1975లో ఎఫ్‌డీఏ ఈ మాట వాడాలంటే పరీక్షలు చేసి రుజువు చూపాలని నిబంధన తెచ్చింది, రెండు కంపెనీలు కోర్టుకి వెళ్లాయి, 1977లో ఆ నిబంధన కొట్టేశారు. అప్పటి నుంచి అక్కడ ఆ మాటకి కంపెనీ ఏ అర్థం చెబితే అదే అర్థం. 'డెర్మటాలజిస్ట్ టెస్టెడ్' కూడా అంతే, టెస్ట్ చేశారు సరే, ఫలితం ఏమిటో చెప్పరు కదా. కాస్త బరువున్నది యూరప్‌లోని ఒక నియమం: మూడేళ్ల లోపు పిల్లల కోసం అని తయారు చేసేవాటికి విడిగా భద్రత అంచనా వేయాలి. అయినా సువాసన వేయకూడదని ఆ నియమం అనదు.

'సహజమైనది' అన్న మాట దగ్గర మాత్రం నేను కాస్త ఆవేశపడతాను. లావెండర్ నూనెలో ఉండేది ముఖ్యంగా లినలూల్, లినలైల్ ఎసిటేట్. నారింజ నూనె నిండా లిమోనీన్. లవంగ నూనెలో యూజినాల్, దాల్చిన చెక్క నూనెలో సిన్నమాల్. పైన చెప్పిన ఎలర్జీ జాబితా, ఈ జాబితా పక్కపక్కన పెట్టి చూడండి. మొక్కలోంచి వచ్చిందా ఫ్యాక్టరీలోంచి వచ్చిందా అని చర్మం అడగదు. 'ఫ్రాగ్రెన్స్ లేదు' అని ముందు రాసి వెనక 'లావెండులా అంగుస్టిఫోలియా ఆయిల్' అనో 'సిట్రస్' అనో రాసిన సీసాలు ఉంటాయి, అవి వాసన ఉన్న సీసాలే.

నూనెల్లో అసలు ప్రమాదకరమైనవి వేరే ఉన్నాయి. కర్పూరం, మెంథాల్, యూకలిప్టస్ ఉన్న రుద్దుడు మందులు రెండేళ్ల లోపు పిల్లలకి ఒంటికీ వద్దు, ముక్కు దగ్గరికీ వద్దు, మెంథాల్ పసివాళ్ల ఊపిరి ఆగేలా చేయగలదు, కర్పూరం కడుపులోకి పోతే మూర్ఛలు వస్తాయి. వింటర్‌గ్రీన్ నూనె (నొప్పులకి రాసుకునే మందుల్లో వాడేది) ఒక టీ స్పూను, అంటే 5 మిల్లీలీటర్లలో, పెద్దవాళ్ల ఆస్పిరిన్ మాత్రలు 20కి పైగా మింగినంత మందు ఉంటుంది, ఒక చిన్న ప్రాణానికి అది చాలు. ఈ చిన్న సీసాలు పిల్లల చేతికి అందనంత ఎత్తులో, తాళం వేసి పెట్టండి. ఇక లావెండర్, టీ ట్రీ నూనెల వల్ల మగపిల్లలకి రొమ్ములు పెరిగాయన్న మాట మీరు వినే ఉంటారు. 2007లో ఒక పేరున్న వైద్య పత్రికలో ముగ్గురు అబ్బాయిల గురించి అలా వచ్చింది, వాడకం ఆపాక తగ్గింది. కారణం ఆ నూనెలేనా అన్నదాని మీద నిపుణులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. నా మటుకు నేను ఆ వాదన తేలేదాకా ఆగక్కర్లేకుండానే వాటిని పక్కన పెట్టాను, ఎలర్జీ కారణం ఒక్కటి చాలు.

కొత్తది మొదలుపెట్టేటప్పుడు

ఒంటినిండా ఒకేసారి రాసేయకండి. మోచేతి లోపలి మడత దగ్గరో, వీపు పైభాగాన నోటికి అందని చోటో రూపాయి బిళ్ళంత మేర రోజుకి రెండుసార్లు, వారం నుంచి పది రోజులు రాయండి. ఒక రోజు రాసి 'ఏమీ కాలేదు' అనుకోవడం వల్ల లాభం లేదు, ఎలర్జీ నెమ్మదిగా వస్తుందని పైన చెప్పుకున్నాం కదా. సబ్బు, షాంపూ లాంటి కడిగేసేవాటిని అలా వదిలేయకూడదు, మామూలుగా ఎంతసేపు ఉంచుతామో అంతసేపే ఉంచి కడిగేయాలి. ఈ పది రోజుల్లో ఇంకే కొత్త వస్తువూ మొదలుపెట్టకండి, లేకపోతే నేరం ఎవరిదో తేలదు. ఈ పరీక్ష బాగా ఉన్న చర్మం మీద చేయండి, ఎగ్జిమా మచ్చ మీద చేయకండి.

దద్దు వచ్చేస్తే

మామూలు నీళ్లతో మెల్లగా కడిగి, తడి అద్ది, వాసన ఉన్నవన్నీ ఆపేయండి. అన్నీ అంటే అన్నీ: లోషన్, వైప్స్, బట్టలకి వాడే సువాసన ద్రవం, మీ సెంటు, మీ హ్యాండ్ క్రీమ్, ఎత్తుకునే తాతయ్య షేవింగ్ లోషన్ కూడా. రెండు నుంచి నాలుగు వారాలు అలా ఉంచండి. చర్మం పూర్తిగా బాగుపడ్డాక ఒక్కోటి, వారం పది రోజుల తేడాతో వెనక్కి తేవచ్చు, అంత అవసరమైతేనే. రోజూ అదే వెలుతురులో ఒక ఫోటో తీయండి, డాక్టర్ దగ్గరికి వెళ్లే రోజుకి దద్దు తగ్గిపోయి మనల్ని అబద్ధాలకోరుల్ని చేయడం దాని అలవాటు. సీసాలు పారేయకండి, జాబితాతో సహా పట్టుకెళ్లండి.

వైప్స్ వల్ల వచ్చిందనిపిస్తే నేరం సువాసనదే కానక్కర్లేదు, మిథైల్ఐసోథయాజోలినోన్ అనే నిల్వ పదార్థం కూడా ఇలాంటి దద్దుకి పేరుమోసిందే, జాబితాలో దాన్ని కూడా వెతకండి.

ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ క్రీమ్ సొంతంగా రాయకండి, ముఖ్యంగా ముఖానికీ డైపర్ చోటుకీ. మొహమో పెదవులో వాచినా, ఊపిరి కష్టమైనా, ఆగకుండా ఎమర్జెన్సీకి వెళ్లండి. నీటి పొక్కులు, చీము, జ్వరం ఉంటే అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. దద్దు మళ్లీ మళ్లీ వస్తుంటే ప్యాచ్ టెస్ట్ గురించి అడగండి. వీపు మీద చిన్న చిన్న పట్టీలు అంటించి 48 గంటలు ఉంచుతారు, తీసేసినప్పుడు ఒకసారి, మరో ఒకటి రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. అందులో 'ఫ్రాగ్రెన్స్ మిక్స్' అనే పట్టీ ఉంటుంది, ఎనిమిది సువాసన పదార్థాలు కలిపినది, ఇంకా బాల్సం ఆఫ్ పెరూ అనే చెట్టు జిగురుది ఒకటి. గుచ్చడం ఉండదు. రక్త పరీక్షలో ఈ రకం ఎలర్జీ కనబడదు, ఎవరైనా రక్త పరీక్షల పెద్ద ప్యాకేజీ రాసిస్తే 'ఇందులో ఈ ఎలర్జీ తెలుస్తుందా' అని అడగండి.

మరి ఏం వాడాలి అంటే, చాలా తక్కువ. పసిపిల్లలకి రోజూ సబ్బు స్నానం అవసరమే లేదు, మురికి పట్టిన చోట వాసన లేని తేలికపాటి క్లెన్సర్ కాస్త, మిగతాదానికి నీళ్లు. పొడిబారితే వాసన లేని చిక్కటి క్రీమో, మామూలు పెట్రోలియం జెల్లీయో. డైపర్ కింద ఎర్రబడితే సువాసన లేని జింక్ ఆక్సైడ్ పేస్టు, వైప్స్ బదులు ఇంట్లో ఉన్నంతసేపు నీళ్లు, మెత్తటి గుడ్డ. పదార్థాల జాబితా పొట్టిగా ఉన్నదాన్ని ఎంచుకోవడం నాకు బాగా పనికొచ్చిన కిటుకు, అనుమానితులు తక్కువైతే దర్యాప్తు తేలిక.

ఇప్పటికే ఇంట్లో ఉన్న వాసన లోషన్ సంగతా? నెలలుగా వాడుతున్నారు, చర్మం శుభ్రంగా ఉంది, ఎగ్జిమా లేదు అంటే ఈ రాత్రికి రాత్రే చెత్తబుట్టలో వేయక్కర్లేదు, తర్వాతి సీసా మార్చండి. మా ఇంట్లో మిగిలిన రెండు సీసాలు మా ఆయన మడమలకి రాసుకుంటున్నారు, బ్రహ్మాండంగా మెత్తబడ్డాయట. పాపని ఎత్తుకునే ముందు చేతులు కడుక్కోమని మాత్రం ఇప్పటికీ రోజూ గుర్తు చేయాల్సి వస్తోంది.